‘అలా వచ్చేసింది సార్!’

ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో రివ్యూ జరుగుతోందనుకోండి. బి.ఎఫ్.ఏ. మూడో సంవత్సరం అమ్మాయి తన నాలుగు కాన్వాసులూ గోడకు ఆనించి పక్కన నిలబడింది. మాస్టారు ఒకదాని ముందు ఆగారు.

“కాన్సెప్ట్ ఏంటమ్మా?”

“ఏమీ అనుకోలేదు సార్. అలా వచ్చేసింది.”

సాధారణంగా ఆ తరువాత రెండింటిలో ఒకటి జరుగుతుంది. ‘కాస్త ఆలోచించి చెయ్యాలి’ అన్న చురక పడుతుంది. లేదా చురక తప్పించుకోవడానికి ఆ అమ్మాయి అప్పటికప్పుడు ‘నగరంలో మనిషి ఒంటరితనం సార్’ లాంటి మాటొకటి తెచ్చి బొమ్మకు అతికిస్తుంది. చురక పడితే ధైర్యం సన్నగిల్లుతుంది. అతికించిన మాట చెల్లిపోతే ఇంకా ప్రమాదం. వచ్చే సెమిస్టర్ నుంచి ముందుగా కాన్సెప్ట్ రాసుకుని, దానికి తగ్గ బొమ్మ వేయడం మొదలవుతుంది. ఒక్క వాక్యంలో చెప్పగలిగిన సంగతికి నాలుగడుగుల కాన్వాసు ఎందుకో ఎవరూ అడగరు.

ముందేమీ అనుకోకుండా వేయడం తప్పేం కాదు. ఆ పద్ధతిలో గొప్ప పనులు జరిగాయి. అయితే తోచినట్టు వేయడమంటే చేతిని వదిలేయడమని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. వేగంగా, ఆపకుండా, ఊపులో వేస్తే అది స్వచ్ఛంగా వచ్చినట్టు లెక్క. ఈ అధ్యాయం చెప్పేది వేరు: తోచినట్టు వేసేటప్పుడు ఎక్కువ పని పడేది కంటికి. చెయ్యి గుర్తులు పెడుతుంది. వాటిలో ఏది నిలవాలో, ఏది పోవాలో తేల్చేది చూపు. కాబట్టి సాధన చేయాల్సింది చూపును. దాన్ని ఎలా సాధన చేయాలో, రివ్యూలో ఎలా మాట్లాడాలో వరుసగా చూద్దాం.

తోచడం వెనక ఏముంది?

తెల్లవారుజామున వాకిట్లో మెలికల ముగ్గు వేసే ఇల్లాలిని గమనించండి. చుక్కలు పెట్టాక గీత ఎటు తిరగాలో ఆమె ఆలోచిస్తున్నట్టు కనిపించదు. పిండి వేళ్ల సందుల్లోంచి దానంతటదే జారుతున్నట్టుంటుంది. కానీ ముగ్గు పూర్తయ్యాక ఆమె వెంటనే లోపలికి పోదు. మెట్టు మీద నిలబడి ఒకసారి మొత్తం చూస్తుంది. ఎక్కడో ఒక వంపు సన్నబడిందనిపిస్తే మళ్లీ వంగి సరిచేస్తుంది. ఏళ్ల తరబడి వేస్తూ, వేసిన ప్రతిసారీ అలా చూస్తూ వచ్చింది కాబట్టే ఆ తీరు వేళ్లకు పట్టుబడింది.

మనస్తత్వ శాస్త్రం చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగం ఆటగాళ్ల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. నిజంగా జరిగిన ఆటలోని ఒక స్థితిని ఐదు సెకన్లు చూపించి, పావులను మళ్లీ పేర్చమంటే ఆరితేరిన ఆటగాడు చాలా పావులను సరైన గళ్లలో పెట్టేశాడు. కొత్తవాళ్లకు నాలుగైదు మాత్రమే గుర్తున్నాయి. అవే పావులను అడ్డదిడ్డంగా చల్లి చూపిస్తే మాత్రం ఆరితేరినవాడి ఆధిక్యం దాదాపు మాయమైంది. అంటే అతని జ్ఞాపకశక్తి మామూలుగా అందరికంటే గొప్పదేమీ కాదు. ఎన్నో ఆటల్లో చూసిన అమరికలు లోపల నిలవ ఉన్నాయి, కొత్త స్థితిలో వాటిని పోల్చుకుంటున్నాడు. స్ఫురణ అంటే ఇలా పోల్చుకోవడమేనని సైమన్ వాదించాడు.

అయితే తోచిన ప్రతిదాన్నీ నమ్మొచ్చా? ఈ విషయంలో డేనియల్ కానమన్, గ్యారీ క్లైన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎదురెదురు పక్షాల్లో ఉండేవారు. కానమన్‌కు స్ఫురణ మీద అనుమానం ఎక్కువ. క్లైన్ అగ్నిమాపక దళాల అధికారుల లాంటి అనుభవజ్ఞులను దగ్గరగా పరిశీలించినవాడు, ఆయనకు గౌరవం ఎక్కువ. ఇద్దరూ కలిసి కూర్చుని 2009లో ఒక వ్యాసం రాశారు. స్ఫురణను నమ్మాలంటే రెండు షరతులని తేల్చారు. పనిచేసే చోట ఏదో ఒక క్రమం ఉండాలి. ఆ క్రమాన్ని నేర్చుకునేంత సాధన, ప్రతి ప్రయత్నానికీ ఫలితం ఏమైందో తెలిసే వీలూ ఉండాలి.

దీన్ని స్టూడియోలోకి తెచ్చుకుందాం. బొగ్గుకు, తడి కాగితానికి, యాక్రిలిక్‌కు వాటి వాటి క్రమం ఉంది. ముదురు మచ్చ పక్కన పెట్టిన లేతరంగు ఇంకా లేతగా కనిపిస్తుంది. తడి మీద వేసిన గీత పాకుతుంది. ఇక ఫలితం తెలిసేది ఎలా? చదరంగంలో ఓడిపోతే తెలుస్తుంది. బొమ్మలో ఓటమి ప్రకటించేవాళ్లు ఎవరూ ఉండరు. మీరు నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తేనే తెలుస్తుంది. చూడకుండా వంద షీట్లు వేస్తే మిగిలేది వంద షీట్లు. వాటి నుంచి చేతికి అందే పాఠం చాలా తక్కువ.

చికాగోలో రెండు బల్లలు

కళా విద్యార్థుల మీద జరిగిన పరిశోధనల్లో ఒకదాన్ని ప్రతి స్టూడియోలోనూ చెప్పుకోవాలి. 1960లలో జేకబ్ గెట్జెల్స్, మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి అనే ఇద్దరు, స్కూల్ ఆఫ్ ది ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చికాగోలో చదువుతున్న 31 మంది విద్యార్థులను ఒక్కొక్కరిగా ఒక గదిలోకి పిలిచారు. గదిలో రెండు బల్లలు. ఒకదాని మీద ద్రాక్షగుత్తి, పాత పుస్తకం, గాజు పట్టకం లాంటి వస్తువులు 27 ఉన్నాయి. వాటిలో నచ్చినవి తీసుకుని, రెండో బల్ల మీద అమర్చుకుని స్టిల్ లైఫ్ గీయమన్నారు. ఎలా గీయాలన్నది విద్యార్థి ఇష్టం.

పరిశోధకులు బొమ్మ కంటే ముందు విద్యార్థి ప్రవర్తనను గమనించారు. కొందరు రెండు మూడు వస్తువులు చకచకా తీసుకుని, అమర్చేసి, గీయడంలో పడిపోయారు. వాళ్లకు ఏం గీయాలో మొదట్లోనే తేలిపోయింది, మిగిలిన సమయమంతా దాన్ని బాగా గీయడానికే. ఇంకొందరు చాలా వస్తువులు చేతిలోకి తీసుకున్నారు. తిప్పి చూశారు, తడిమి చూశారు, అమర్చి మళ్లీ మార్చారు. గీయడం మొదలుపెట్టాక కూడా అమరికను మార్చారు, కాగితం మీద దిశను మార్చారు. తాము దేని గురించి గీస్తున్నారో వాళ్లకు చివరికి గానీ తేలలేదు.

ఆ బొమ్మలను, ఎవరు ఎలా వేశారో తెలియని కళా నిపుణుల చేత అంచనా వేయించారు. రెండో తరహా విద్యార్థుల బొమ్మలకు కొత్తదనం విషయంలో ఎక్కువ మార్కులు వచ్చాయి. ఈ పరిశోధన 1976లో ‘ది క్రియేటివ్ విజన్’ పుస్తకంగా వచ్చింది. చదువు ముగిసిన ఏళ్ల తరువాత వాళ్లను మళ్లీ వెతికి చూస్తే, కళాకారులుగా నిలదొక్కుకున్నవాళ్లలో అలా వెతుకుతూ గీసినవాళ్లే ముందున్నారు.

ఈ ఫలితాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ముందే కాన్సెప్ట్ లేకపోవడం వాళ్లను గెలిపించలేదు. చకచకా మొదలుపెట్టినవాళ్లు కూడా కాన్సెప్ట్ రాసుకుని రాలేదు, వాళ్లూ తోచిందే తీసుకున్నారు. కాకపోతే మొదట తోచిన దగ్గరే ఆగిపోయారు. రెండోవాళ్లు తోచినదాన్ని చూసి, దాన్నుంచి ఇంకొకటి తోచే దాకా తలుపు తెరిచే ఉంచారు.

ముగ్గురు పెద్దలు, ఒకే అలవాటు

రవీంద్రనాథ్ ఠాగూర్ చిత్రకళ ఎక్కడా పద్ధతిగా నేర్చుకోలేదు. రాతప్రతుల్లో కొట్టివేతలు వికారంగా కనిపించేవి, వాటిని గీతలతో కలిపేవారు. 1924లో అర్జెంటీనాలో రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఆతిథ్యంలో ఉన్నప్పుడు ‘పూరబి’ రాతప్రతిలో అలాంటివి పేజీల కొద్దీ వచ్చాయి. కొట్టివేతల గుంపులోంచి ఒక పక్షి, ఒక వింత జంతువు, ఒక ముఖం బయటికి వచ్చేవి. ఆ తరువాత విడిగా బొమ్మలు వేయడం మొదలుపెట్టి రెండు వేలకు పైగా వేశారు. 1930లో పారిస్‌లో జరిగిన తొలి ప్రదర్శనకు సాయపడింది ఆ ఒకాంపోనే. గమనించండి, కొట్టివేత బొమ్మ కోసం పుట్టింది కాదు. మాట నచ్చక చేసిన పని. అందులో పక్షిని చూసింది కన్ను. చెయ్యి తరువాత వెళ్లి ముక్కు, రెక్క చేర్చింది.

ఆన్రీ మతీస్ 1935లో వేసిన ‘పింక్ న్యూడ్’ ఇప్పుడు బాల్టిమోర్ మ్యూజియంలో ఉంది. చూస్తే ఒక పూటలో, నాలుగు గీతల్లో తేలిపోయినట్టుంటుంది. నిజానికి నెలల తరబడి సాగింది. మారుతూ వచ్చిన దశలను ఫొటోలు తీయించారు, వాటిలో 22 మిగిలాయి. మొదట్లో శరీరం మామూలు కొలతల్లోనే ఉంది. దశ దశకూ అవయవాలు సాగాయి, తల చిన్నదైంది, వెనక ఉన్న వస్తువులు మాయమై గళ్లు మిగిలాయి. మార్పు నప్పుతుందో లేదో తేల్చుకోవడానికి ముందుగా రంగు కాగితం ముక్కలు కాన్వాసు మీద గుచ్చి చూసుకునేవారు. మనకు కనిపించే ఆ తేలికతనం అన్ని దశలూ చూసుకున్న తరువాత మిగిలింది.

కాండిన్‌స్కీ సంగతి ఇంకా ఆసక్తికరం. లోపలి ప్రేరణతో అప్పటికప్పుడు పుట్టిన చిత్రాలను ఆయన ‘ఇంప్రొవైజేషన్’ అనేవారు. నెమ్మదిగా పక్వానికి వచ్చి, మళ్లీ మళ్లీ పరీక్షించుకుని చేసినవి ‘కంపోజిషన్’. రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పున్న ‘కంపోజిషన్ 7’ను 1913 నవంబరులో మూడు నాలుగు రోజుల్లో వేసేశారు. సహచరి గాబ్రియేలె మ్యూంటర్ ఆ రోజుల్లో తీసిన ఫొటోలు ఉన్నాయి. రంగుల సుడిగాలిలా ఉండే ఆ బొమ్మను చూసి ‘ఊపులో వేసేశాడు’ అనుకుంటాం. దానికి ముందు వేసిన స్కెచ్‌లు, అధ్యయనాలు ముప్పైకి పైగా ఉన్నాయని మాత్రం మనకు ఎవరూ చెప్పరు.

లోపల నిలవ ఉండాలి కదా

పోల్చుకోవడానికి లోపల ఏదో ఉండాలి. తోట వైకుంఠం 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాద్‌లో చదివి, ఆ తరువాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర శిక్షణ పొందారు. కానీ ఆయన బొమ్మల్లో నిలిచిపోయింది తన తెలంగాణ పల్లె ఆడవాళ్లు. పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నిండైన ఒళ్లు. కె. లక్ష్మాగౌడ్‌ది మెదక్ ప్రాంతపు నిజాంపూర్. హైదరాబాద్, బరోడా చదువుల తరువాత ఆయన ఎచింగుల్లోకి మేకలు, చెట్లు, పల్లె మనుషుల మొరటు బతుకు వచ్చి చేరాయి. సాంకేతికత కాలేజీలో దొరికింది. పోల్చుకోవలసిన సరుకు చిన్నప్పుడే నిలవ అయింది.

మీ నిలవ ఏమిటి? రోజుకు కొన్ని గంటలు ఫోన్‌లో ఇతరుల పెయింటింగులు చూస్తే నిలవ అయ్యేవి అవే. చెయ్యి వదిలేసినప్పుడు బయటికి వచ్చేవీ అవే. కాబట్టి స్కెచ్‌బుక్ జేబులో ఉండాలి. బస్టాండులో నిద్రపోతున్నవాళ్ల మెడలు ఎలా వాలాయి, కూరగాయల బండి మీద టార్పాలిన్ ఎలా మడతపడింది, ఇంట్లో నాయనమ్మ కూర్చున్నప్పుడు చీర ఎక్కడ కుప్పపడింది. ఇవేవీ బొమ్మలు కానక్కర్లేదు. రెండు నిమిషాల గీతలు చాలు.

ఒక పూట పని: నాలుగు మెట్లు

మొదటి మెట్టు, ఎంపికలు తగ్గించుకోవడం. ఒక పూటకు ఒకే సాధనం, ఒకే కొలత కాగితం. కార్ట్రిడ్జ్ షీట్లను సగానికి కోసి పన్నెండు ముక్కలు పెట్టుకోండి. బొగ్గు, గుడ్డ, రబ్బరు. అంతే. రంగులు ఇరవై ఉంటే సగం సమయం ఏ రంగు తీయాలన్న దానికే పోతుంది. ఖరీదైన కాన్వాసు ముందు చెయ్యి బిగుసుకుంటుంది, చవక కాగితం ముందు బిగుసుకోదు. అందుకే మొదట చవకది.

రెండో మెట్టు, తెల్లదనాన్ని చెడగొట్టడం. ఖాళీ కాగితం భయం కొత్తది కాదు, విరుగుడూ పాతదే. గోడల మీది మరకల్లో కొండలు, నదులు, యుద్ధాలు వెతుక్కోమని లియొనార్డో దా విన్చీ చెప్పాడు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో అలెగ్జాండర్ కొజెన్స్ సిరా మచ్చలు వేసి వాటి నుంచి ప్రకృతి దృశ్యాలు కల్పించే పద్ధతిని ఏకంగా పుస్తకంగా వేశాడు. 1925లో మాక్స్ ఎర్న్‌స్ట్ ఒక సత్రంలో అరిగిన చెక్క నేల మీద కాగితాలు పరిచి, పెన్సిల్ ముక్కతో రుద్ది, అందులో కనిపించిన అడవులను, జంతువులను పైకి తెచ్చాడు. మీకు అందుబాటులో షాబాద్ బండ ఉంది, పాత చెక్క తలుపు ఉంది, విడిచిన గోనెసంచి ఉంది. కాగితం పెట్టి రుద్దండి. లేదా చిక్కటి టీ డికాషన్ ఒలకబోసి ఆరనివ్వండి. ఇంకో దారి, కాగితం వైపు చూడకుండా ఎదుటి వస్తువు అంచు వెంట కంటిని నడిపిస్తూ గీయడం. కిమోన్ నికొలైడెస్ పాఠాలతో ఇది ప్రపంచమంతా పాకింది. ఏదైనా ఒకటే పద్ధతి ఎంచుకోండి, ఒక్కో షీటు మీద ఐదు నిమిషాలు మించొద్దు. ఈ మెట్టులో బాగుందా లేదా అన్న ప్రశ్న వేయకండి.

మూడో మెట్టు, ఆగి చూడడం. చాలామంది దాటేసేది దీన్నే. పన్నెండు షీట్లూ గోడకు అంటించి, ఆరేడు అడుగులు వెనక్కి వెళ్లండి. చేతిలో బొగ్గు ఉండకూడదు. ఉంటే కాళ్లు వాటంతటవే ముందుకు పోతాయి. గీసినంత సేపూ చూడండి. తలకిందులుగా తిప్పి చూడండి. అద్దంలో చూడండి. ఫోన్‌తో తీసి నలుపు-తెలుపులోకి మార్చి చూడండి. మీరు గీసిన సంగతి కన్ను మరిచిపోవాలి. అప్పుడే అది వేరేవాళ్ల బొమ్మలా కనిపిస్తుంది. మూడు ప్రశ్నలు అడగండి:

— చూపు ముందు ఎక్కడికి పోతోంది? అక్కడికే పోవాలా?
— ఇందులో నాకు ముందే తెలిసిన గుర్తు ఏది? తెలియనిది ఏది?
— ఏ ఒక్కటి తీసేస్తే మిగిలినదంతా కూలిపోతుంది?

మూడో ప్రశ్నకు జవాబు దొరికిన షీట్లను మాత్రమే ముందుకు తీసుకెళ్లండి. పన్నెండులో రెండు దొరికినా ఆ పూట గడిచినట్టే.

నాలుగో మెట్టు, దశలు దాచుకోవడం. ఎంచుకున్న షీటు మీద మార్పు చేసే ముందు ప్రతిసారీ ఒక ఫొటో తీయండి. మతీస్‌కు ఆ పనికి మనిషి కావలసి వచ్చింది, మీకు ఫోన్ చాలు. ఫొటో కింద ఒక్క వాక్యం రాయండి: ఏం చూశాను, ఏం మార్చబోతున్నాను. పెద్ద మాటలు వద్దు. ‘ఎడమ మూల బరువైంది, తుడుస్తున్నా’ అని రాస్తే సరిపోతుంది. దీనివల్ల రెండు లాభాలు. మంచి దశ పాడైపోతుందన్న భయం తగ్గుతుంది, ఎందుకంటే దాని ఆనవాలు ఉంది. రెండోది, ఎక్కడ ఆపి ఉండాల్సిందో వెనక్కి చూస్తే కనిపిస్తుంది. ఎక్కువ వేసి చెడగొట్టే అలవాటుకు ఇంతకంటే మంచి మందు లేదు.

అలవాటు కూడా స్ఫురణలాగే వస్తుంది

ఇక్కడో చిక్కుంది. చేతికి తేలిగ్గా వచ్చేది రెండు చోట్ల నుంచి రావచ్చు. ఒకటి, చూసి చూసి కుదిరిన తెలివి. రెండోది, ఉత్త అలవాటు. మీకు ఇంటర్ నుంచీ పెద్ద కళ్లున్న ఆడముఖం వేయడం వచ్చనుకోండి. ఏమీ అనుకోకుండా మొదలుపెడితే ఆ ముఖమే వస్తుంది. అది వచ్చినప్పుడు హాయిగా కూడా ఉంటుంది. ఆ హాయిని స్ఫురణ అనుకుని సెమిస్టర్లు గడిపేసేవాళ్లున్నారు.

రెండింటినీ విడదీయడానికి ఒక పరీక్ష ఉంది. చేతికి ఇబ్బంది కలిగించండి. కుడిచేతివాటం అయితే ఎడమచేత్తో వేయండి. బ్రష్‌ను మూడడుగుల కర్ర చివర కట్టి, నేల మీద పరిచిన కాగితం మీద వేయండి. అరచేయంత బొమ్మను గోడంత చేయండి. అలవాటు చేతి కదలికతో ముడిపడి ఉంటుంది కాబట్టి సాధనం మారితే తేలిగ్గా చెదురుతుంది. చూపులో కుదిరిన తెలివి చెదరదు. ఎడమచేత్తో వేసిన వంకర గీతల్లో కూడా ఖాళీ స్థలాన్ని మీరు ఒకే తీరున వదులుతున్నారంటే, బరువును ఎప్పుడూ కిందికే దించుతున్నారంటే, అది మీది. ముఖం చెదిరిపోయిందంటే అది వేళ్లది.

మెచ్చుకోళ్ల విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టగానే ఎక్కువ లైకులు వచ్చేది సాధారణంగా మీకు బాగా అలవాటైన బొమ్మకే. చూసేవాళ్లకూ అది అలవాటే. కొత్తగా వెతుకుతున్న వర్క్‌ను, కనీసం ఆ వరుస పూర్తయ్యే దాకా, బయట పెట్టకపోవడం మంచిది.

రివ్యూలో ఏం చెప్పాలి?

మాస్టారు కాన్సెప్ట్ అడగడంలో దురుద్దేశం ఏమీ ఉండదు. ఈ బొమ్మ మీద నీకు ఎంత పట్టు ఉంది, మళ్లీ చేయగలవా, ఇంకా ముందుకు తీసుకెళ్లగలవా అన్నదే ఆ ప్రశ్న లోపలి ప్రశ్న. దానికి నిజాయితీగా జవాబు చెప్పడానికి లేని సిద్ధాంతం అక్కర్లేదు. మీ చూపు చేసిన ప్రయాణం చెప్పండి. దశల ఫొటోలు పక్కన పెట్టుకుంటే సంభాషణ ఇలా సాగుతుంది:

“ముందు ఏమీ అనుకోలేదు సార్. మా ఇంటి పాత తలుపు మీద కాగితం పెట్టి రుద్దాను. ఈ ఫొటోలో చూడండి, కుడివైపు వంగి కూర్చున్న మనిషిలా కనిపించింది. దాన్ని నిలపడానికి చుట్టూ ఉన్నవన్నీ తెల్లగా కప్పేశాను. తరువాత ముఖం వేశాను, మళ్లీ తుడిచేశాను.”

“ఎందుకు తుడిచావు?”

“ముఖం ఉంటే చూసేవాళ్లు అక్కడే ఆగిపోతున్నారు సార్. నాకు వీపు కావాలి.”

‘నాకు వీపు కావాలి’ అన్నాక కాన్సెప్ట్ అడగాల్సిన పని లేదు. ఆ తరువాత మాస్టారు వీపుల గురించే మాట్లాడతారు. ఎవరెవరు వీపులు వేశారో చూడమంటారు, ఇంకో ఐదు వేసి తీసుకురమ్మంటారు. ఒక్కో సెలక్షన్ కమిటీలో, ఒక్కో ఇంటర్వ్యూలో స్టేట్‌మెంట్ రాసివ్వమంటారు. అదీ ఈ నాలుగు సంగతుల నుంచే రాయొచ్చు: దేంతో మొదలుపెట్టాను, ఏం కనిపించింది, ఏం తీసేశాను, ఏది ఎందుకు ఉంచాను. అరపేజీ దాటదు. అందులో అబద్ధం ఉండదు.

ఎక్కడ తోచినట్టు చేయకూడదు?

కొన్ని పనుల్లో క్రమం తప్పితే వెనక్కి రాలేం. శ్రీకాళహస్తి కలంకారీ చూడండి. బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెట్టాలి. ఇనుము, బెల్లం పులియబెట్టి చేసిన నల్లరంగు ఆ కరక్కాయ పట్టిన బట్ట మీదనే నిలుస్తుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక పెట్టి, ఆ తరువాతే రంగులో ఉడికించాలి. ఈ వరుసలో ‘నాకిలా తోచింది’ అనడానికి చోటు లేదు. అయితే వెదురు కలం పట్టుకుని కృష్ణుడి భుజం వంపును ఒకే గీతలో తీసేటప్పుడు పనివాడు స్కేలు పెట్టి కొలవడు. రసాయనం దగ్గర క్రమం, గీత దగ్గర స్వేచ్ఛ. రెండూ ఒకే బట్ట మీద ఉన్నాయి.

ఎచింగ్‌లో యాసిడ్ సమయం, శిల్పంలో అచ్చుపోత, గోడ మీది మ్యూరల్‌కు పరంజా, ఖర్చు, ఒప్పుకున్న డిజైను. ఇవన్నీ ముందే లెక్క వేసుకోవాల్సినవే. మీ పనిలో ఏ భాగం వెనక్కి తీసుకోలేనిదో ఒక కాగితం మీద రాసుకోండి. దాన్ని ప్రణాళికతో చేయండి. మిగతా భాగమంతా వెతకడానికి వదలండి.

నాలుగు వారాల సాధన

మొదటి వారం: రోజూ ఒక పూట పన్నెండు షీట్లు, పైన చెప్పిన నాలుగు మెట్లలో. ఏదీ పూర్తి చేయాలని చూడకండి. ప్రతి పూటా రెండు షీట్లు ఎంచి, మిగిలినవి ఒక కట్టగా కట్టి పక్కన పెట్టండి. చింపకండి.

రెండో వారం: ఎంచుకున్న షీట్లలో ఒక్కోదాన్ని ఐదు దశల దాకా తీసుకెళ్లండి. ప్రతి దశకూ ఫొటో, ఒక వాక్యం. ఐదో దశ అయ్యాక వరుసగా పెట్టి చూడండి. అన్నిటికంటే మంచి దశ ఐదోదే కానక్కర్లేదు. మూడోది బాగుంటే, కొత్త కాగితం మీద మూడో దశ దాకానే మళ్లీ వేయండి.

మూడో వారం: చేతికి ఇబ్బంది పెట్టే వారం. ఎడమచెయ్యి, పొడుగు కర్ర, పెద్ద కాగితం. ఏది చెదిరింది, ఏది నిలిచింది, రెండు జాబితాలు రాయండి. వారం చివర ఒక స్నేహితుడినో, స్నేహితురాలినో పిలిచి షీట్లు చూపించండి. మీరు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. వాళ్లకు ఏం కనిపిస్తే అది చెప్పమని, రాసుకోండి. ‘బాగుంది’, ‘బాలేదు’ లెక్కలోకి రావు. ‘ఇక్కడ ఎవరో ఎదురుచూస్తున్నట్టుంది’ అన్నది లెక్కలోకి వస్తుంది.

నాలుగో వారం: మొదటి వారం పక్కన పెట్టిన కట్ట విప్పండి. ఇప్పుడు మీ కన్ను మారింది కాబట్టి అప్పుడు వదిలేసిన వాటిలో కొన్ని పైకి లేస్తాయి. నాలుగు వారాల పనినీ ఒకే గోడ మీద పెట్టి ఐదు షీట్లు ఎంచండి. ఆ ఐదింటిలో మళ్లీ మళ్లీ కనిపించేది ఏమిటో చూడండి. ఒక ఆకారం కావచ్చు, ఒక మూల కావచ్చు, ఖాళీ వదిలే తీరు కావచ్చు. మీ తరువాతి వరుసకు విషయం అదే. ఇప్పుడు దానికి పేరు పెట్టండి, కాన్వాసు కొనండి.